పాస్‌వర్డ్ కరెక్టే... తలుపు తెరవదేం?

మార్చి నెల. చిలకలూరిపేట నుంచి మార్టూరు వెళ్లే దారిలో ఓ కోల్డ్ స్టోరేజీ ఉందనుకుందాం. గుంటూరు యార్డులో ధర నచ్చక వెనక్కి తిరిగిన మిర్చి ట్రాక్టర్లు గేటు ముందు వరస కట్టాయి. లోపల గుమాస్తా బల్ల మీద మూడు లావుపాటి రిజిస్టర్లు. ఎవరి పేరున ఎన్ని టిక్కీలు, ఏ చాంబర్లో పెట్టారు, బాండు నంబరెంత, దాని మీద తీసుకున్న అప్పెంత... అన్నీ వాటిలోనే. ఫోను మోగడం, ఆయన తుమ్ముతూ పేజీలు తిరగేయడం, అవతలి రైతు 'దొరికిందా?' అని నాలుగోసారి అడగడం... సీజనంతా ఇదే తంతు.

ఆ గుమాస్తా అన్నగారి అమ్మాయి గుంటూరులో బీసీఏ ఆఖరి ఏడాది. కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చే బదులు బాబాయి రిజిస్టర్లనే వెబ్‌సైట్‌గా మార్చేస్తానంది. మార్చింది కూడా. రైతు పేరు కొడితే చాలు, టిక్కీల లెక్క తెర మీదికి వచ్చేస్తుంది. కాకపోతే లోపలికి వెళ్లాలంటే ముందు లాగిన్ పేజీ దాటాలి. అది ఎంతకీ దాటనివ్వడం లేదు. తాను పెట్టిన పేరే, తాను పెట్టిన పాస్‌వర్డే. అయినా ఎర్రక్షరాల్లో ఒకటే జవాబు: 'యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు'.

''ఏందమ్మాయ్, నీ తాళం నీకే పడట్లేదా?'' అన్నాడు బాబాయి.

ఇలా తలపట్టుకునే పిల్లలు గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, చీరాల కాలేజీల్లో ఏటా కనిపిస్తారు. ప్రాజెక్టు అనగానే అందరూ మొదట రాసేది లాగిన్ పేజీయే. మొదట బండి ఆగేదీ అక్కడే.

ఇంతకీ ఆ వెబ్‌సైట్ ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో కాదు, ఆ అమ్మాయి లాప్‌టాప్‌లోనే. దీన్నే లోకల్ సర్వర్ అంటారు. పేజీలు అందించేది అపాచీ. వచ్చిన వివరాలు చూసి ఏం చేయాలో నిర్ణయించేది పీహెచ్‌పీ. లెక్కలన్నీ దాచుకునేది మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు. ఈ ముగ్గురూ 1995లోనే పుట్టారు. వీళ్లను ఒకే మూటలో కట్టి ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ జాంప్. జాంపండుతో సంబంధం లేదు, స్పెల్లింగు ఎక్స్‌తో మొదలవుతుంది. 2002లో వచ్చిన ఈ మూటలో 2015 నుంచి మై ఎస్‌క్యూఎల్ బదులు మరియాడీబీ ఉంటోంది. రెండింటినీ మొదలుపెట్టింది ఒకాయనే, మైకేల్ విడేనియస్. ఒకదానికి పెద్దకూతురు 'మై' పేరు, రెండోదానికి చిన్నకూతురు 'మరియా' పేరు పెట్టుకున్నాడు.

పాస్‌వర్డ్ ప్రయాణం ఇంచుమించు టిక్కీ ప్రయాణం లాంటిదే. పొలంలో బయల్దేరిన టిక్కీకి గేటు దగ్గర చీటీ, కాటా దగ్గర తూకం, చాంబరు దగ్గర నంబరు. లెక్కలో ఒక టిక్కీ తగ్గిందనుకోండి. గుమాస్తా చాంబర్లన్నీ తవ్వి పోయడు. గేటు చీటీ చూస్తాడు, తర్వాత కాటా చీటీ చూస్తాడు. ఎక్కడిదాకా లెక్క సరిపోయిందో అక్కణ్నుంచే వెతుకుతాడు. పాస్‌వర్డూ అంతే. బ్రౌజరు, అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేసు... ఈ నలుగురి చేతులూ మారుతుంది. ఎవరి దగ్గర తప్పిపోయిందో వరసగా అడుగుతూ పోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ఈ ఓపిక పట్టరు. ఒకేసారి పదిచోట్ల మార్చేస్తారు. పని చేయకపోతే ఇంకో పదిచోట్ల మారుస్తారు. ఒకవేళ పని చేసినా ఏ మార్పు వల్ల చేసిందో తెలియదు. రేపు మళ్లీ ఆగిపోతే కథ మొదటికే!

మన అమ్మాయి కూడా మొదటిరోజు అదే చేసింది. రాత్రి ఒంటిగంట దాకా కుస్తీ పట్టి, పొద్దున్నే బాబాయి గేటు చీటీలు సరిచూసుకోవడం చూశాక వరసలో పడింది.

మొదటి మజిలీ అపాచీ. ఇక్కడ వచ్చే చిక్కులు చిన్నవే. ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే పీహెచ్‌పీ దాకా పోనే పోదు. ఫైలును హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టి, బ్రౌజర్లో 'లోకల్‌హోస్ట్' అని కొట్టి తెరవాలి. అపాచీ స్టార్ట్ కాకుండా మొరాయిస్తే దాని 80వ నంబరు పోర్టులో అప్పటికే ఇంకెవరో కూర్చున్నట్టు. పాత స్కైప్ ఈ పనే చేసేది. విండోస్ సొంత వెబ్‌సర్వర్ ఇప్పటికీ చేస్తుంది. అపాచీని 8080కి మార్చుకుంటే గొడవ వదిలిపోతుంది.

తర్వాత పీహెచ్‌పీ. 'మై ఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షనే లేదు' అని ఓ సందేశం కనిపించింది. అమ్మాయి తప్పేమీ కాదు, పుస్తకానిది. సీనియర్ల దగ్గర్నుంచి చేతులు మారుతూ వచ్చిన ఆ పాత పుస్తకంలోని ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది. పేరు చివర 'ఐ' ఉన్న కొత్త ఫంక్షన్లు వాడితే సరి. మన దగ్గర పాఠ్యపుస్తకాలు సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువకాలం బతుకుతాయి, ఏం చేస్తాం!

పాస్‌వర్డ్ పీహెచ్‌పీ దాకా చేరిందా లేదా చూడటానికి, వచ్చిన వివరాలన్నీ తెర మీద అచ్చు వేయించింది. పేరు వచ్చింది. పాస్‌వర్డ్ గడి లేనే లేదు! ఫారంలో ఆ గడికి 'ఐడీ' పెట్టి 'నేమ్' మరిచిపోయింది. బ్రౌజర్ నేమ్ ఉన్న గడులనే పంపుతుంది. లేనిదాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అది సరిచేశాక పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అయినా ఎర్రక్షరాలు పోలేదు.

28 అక్షరాలు ఎటుపోయాయి?

ఇక మిగిలింది డేటాబేసు. అసలు దొంగ ఇక్కడే దొరికాడు.

ఏ బుద్ధున్న వెబ్‌సైటూ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. ఎండు మిరపకాయల్ని కారం పట్టించినట్టు పిండి చేసి దాస్తుంది. కారం నుంచి మళ్లీ కాయ రాదు కదా! ఈ పిండినే హ్యాష్ అంటారు. లాగిన్ అయ్యేటప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మళ్లీ అలాగే పట్టించి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తుంది. పాత పుస్తకంలోని ఎండీ5 పద్ధతిలో ఈ హ్యాష్ 32 అక్షరాలు. అందుకే ఆ పుస్తకం డేటాబేసులో పాస్‌వర్డ్ గడికి 32 అక్షరాల చోటే ఇమ్మంది. అమ్మాయి టేబులు పుస్తకంలో చూసి తయారు చేసింది. కోడు మాత్రం కొత్త పద్ధతిలో రాసింది. 2013లో పీహెచ్‌పీ 5.5తో వచ్చిన ఆ కొత్త ఫంక్షను బీక్రిప్ట్ పద్ధతిలో 60 అక్షరాల హ్యాష్ ఇస్తుంది. 32 పట్టే గోతంలో 60 పోస్తే ఏమవుతుంది? 28 కిందికి పోయాయి. జాంప్‌తో వచ్చే సెట్టింగుల్లో డేటాబేసు దీన్ని పెద్ద తప్పుగా పట్టించుకోదు. పట్టినంత పోసుకుని మూతి కట్టేస్తుంది. ఇక ఎన్నిసార్లు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తునకతో సరిపోలదు. పాస్‌వర్డూ కరెక్టే, కోడూ కరెక్టే. గడే ఇరుకు!

గడిలో ఉన్నది ఎన్ని అక్షరాలో లెక్కపెట్టమని డేటాబేసును అడిగితే '32' అని చెప్పింది. అంతే, గుట్టు బయటపడింది. గడిని 255కు పెంచింది. అయినా తెరుచుకోలేదు. అవును మరి, గోతం పెద్దది చేసినంత మాత్రాన కిందపోయింది వెనక్కి రాదుగా! ఖాతా తీసేసి మళ్లీ కొత్తగా నమోదు చేసుకుంటేగానీ ఎర్రక్షరాలు పోలేదు. చాలామంది సరిగ్గా ఈ మెట్టు మీదే నిరాశపడి, చేసిన సరైన మార్పును కూడా వెనక్కి తిప్పేస్తారు.

'ఈ పిండి గోలంతా ఎందుకు, ఉన్నదున్నట్టు దాచుకుంటే పోలా?' అనిపించొచ్చు. దాచుకున్నవాళ్లకు ఏమైందో 1966లోనే తెలిసింది. కంప్యూటర్లో ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డ్ అనే ఆలోచనకు అమెరికాలోని ఎంఐటీలో 1960ల మొదట్లో ప్రాణం పోసినవాడు ఫెర్నాండో కొర్బాటో. వాళ్ల యంత్రంలో పాస్‌వర్డ్లన్నీ మామూలు ఫైలులోనే ఉండేవి. ఓ రోజు స్వాగత సందేశం ఫైలూ, పాస్‌వర్డ్ల ఫైలూ ఒకేసారి దిద్దుతుంటే రెండూ తారుమారయ్యాయి. ఇంకేముంది, లాగిన్ అయిన ప్రతివాళ్లకీ స్వాగతం బదులు అందరి పాస్‌వర్డ్లూ ప్రత్యక్షం! హ్యాష్‌కు కాస్త ఉప్పు కలపాలని 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఓ పత్రంలో వివరించారు. ఉప్పు అంటే నిజంగా అదే పేరు, సాల్ట్. ఇద్దరు మనుషుల పాస్‌వర్డ్ ఒకటే అయినా పిండి వేరుగా కనిపించడానికి ముందే కలిపే అడ్డదిడ్డపు అక్షరాలవి. ఆ దారిలోనే 1999లో బీక్రిప్ట్ వచ్చింది. అది కావాలనే నెమ్మదిగా విసురుతుంది. నిజమైన యజమానికి క్షణం ఆలస్యమైనా ఇబ్బంది లేదు, కోట్ల పాస్‌వర్డ్లు వరసపెట్టి ప్రయత్నించే దొంగకు మాత్రం ఏళ్లు పడుతుంది.

ఒకే ఇంటికి రెండు పేర్లు

లాగిన్ అయిందన్న సంబరం ఎంతోసేపు లేదు. సరైన పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్కసారి మెరిసి, మళ్లీ లాగిన్ పేజీయే వస్తోంది. ఈసారి ఎర్రక్షరాలు కూడా లేవు. తప్పు అని చెప్పే తప్పు కన్నా నోరు మెదపని తప్పుతోనే కష్టం.

వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు. ఒక పేజీ చూసినవాడే రెండో పేజీ అడుగుతున్నాడని సర్వర్‌కు తెలియదు. అందుకే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లి కుకీ కనిపెట్టాడు. గేటులో ఇచ్చే టోకెన్ లాంటిది అది. లాగిన్ కాగానే సర్వర్ ఓ టోకెన్ ఇస్తుంది, బ్రౌజర్ ప్రతి పేజీకీ దాన్ని చూపిస్తుంది. చూపించకపోతే 'ఎవరు నువ్వు? పోయి లాగిన్ అయి రా' అంటుంది సర్వర్. సరిగ్గా జరుగుతున్నది అదే. మరి టోకెన్ ఎక్కడ పడిపోయింది?

బ్రౌజర్లో ఎఫ్12 నొక్కితే 'నెట్‌వర్క్' అని ఓ భాగం వస్తుంది. ఏ పేజీ అడిగాం, ఏ జవాబు వచ్చింది, టోకెన్ ఎప్పుడు అందింది... అన్నీ చిట్టా రాసి ఉంటాయి. లాగిన్ నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చూపించాల్సిన కిటికీ ఇది. చాలా ల్యాబుల్లో చివరిరోజు దాకా ఎవరూ తెరవరు. అమ్మాయి తెరిచి చూసింది. లాగిన్ పేజీ అడ్రసు 'లోకల్‌హోస్ట్'. లోపలి పేజీకి పంపే వరుసలో మాత్రం '127.0.0.1' అని రాసుంది. రెండూ ఒకటే కంప్యూటర్. కానీ బ్రౌజర్ మనుషుల్లా ముద్దుపేరు, అసలు పేరు ఒకరివేనని అనుకోదు. లోకల్‌హోస్ట్ ఇచ్చిన టోకెన్ లోకల్‌హోస్ట్‌కే చూపిస్తుంది. 127.0.0.1 దాని లెక్కలో వేరే ఇల్లు. చేతిలో టోకెన్ ఉండీ చూపించలేదు!

దాన్ని కూడా 'లోకల్‌హోస్ట్' అని మార్చింది. బ్రహ్మాండంగా తెరుచుకుంది. శనివారం లాప్‌టాప్ తీసుకుని కోల్డ్ స్టోరేజీకి వచ్చింది. ఆఫీసు వైఫైకి కలిపి, విండోస్ ఫైర్‌వాల్‌లో అపాచీకి అనుమతి ఇచ్చి, బాబాయి ఫోనులో లాప్‌టాప్ అడ్రసు కొట్టింది. లాగిన్ పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ ఇచ్చారు. ఫోను 'ఈ సైటు చేరలేం' అంది.

''నా ఫోను మంచిది కాదేమోనమ్మా'' అన్నాడాయన నొచ్చుకుంటూ.

ఫోనుదేం తప్పు? లోకల్‌హోస్ట్ అంటే 'ఈ మిషనే' అని అర్థం. లాప్‌టాప్‌లో కొడితే లాప్‌టాప్, ఫోనులో కొడితే ఫోను. లాగిన్ అయ్యాక 'లోకల్‌హోస్ట్‌కు వెళ్లు' అని సర్వర్ చెబితే, ఫోను పాపం తన లోపలే వెతుక్కుంది. అక్కడ అపాచీ ఎందుకుంటుంది! అసలు అడ్రసే రాయకుండా, పక్కనున్న ఫైలు పేరొక్కటే రాసి ఉంటే మొన్నటి తంటా, ఇవాళ్టి తంటా రెండూ ఉండేవి కావు. అలాగే మార్చింది. ఫోనులోనూ తెరుచుకుంది.

కనిపించని మూడు బైట్లు

లాప్‌టాప్ తిరిగి కాలేజీకి వెళ్లిపోతుంది కాబట్టి సైటును ఆఫీసులోని పాత కంప్యూటర్లో పెట్టాలి. దాంట్లో ఎవరో ఎప్పుడో అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేసు విడివిడిగా వేసి ఉంచారు. ఫైళ్లన్నీ ఎక్కించాక బాబాయి ఓ కోరిక కోరాడు. ''పైన స్టోరేజీ పేరు తెలుగులో ఉంటే బాగుంటదమ్మాయ్''. అదెంత పని అని నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి, తెలుగులో పేరు కొట్టి, యూటీఎఫ్-8గా సేవ్ చేసింది. పేరు ముచ్చటగా వచ్చింది. లాగిన్ నొక్కితే తెల్ల కాగితం. అక్షరం ముక్క లేదు.

తెల్ల పేజీ వచ్చినప్పుడు కోడు వైపు కాదు, ఎర్రర్ లాగ్ వైపు చూడాలి. తెర మీద చెప్పకూడదని ఆపేసిన సందేశాలన్నీ అందులో పడి ఉంటాయి. అక్కడ కనిపించింది: 'హెడర్స్ ఆల్రెడీ సెంట్'. అంటే, టోకెన్ ఇచ్చేలోపే ఏదో ఒక అక్షరం బయటికి వెళ్లిపోయింది. ఎక్కడంటే ఒకటో లైనులో. ఒకటో లైనులో చూస్తే పీహెచ్‌పీ మొదలయ్యే గుర్తు తప్ప ఏమీ లేదు!

ఉంది. కనిపించదంతే. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో 'బామ్' అనే మూడు బైట్ల గుర్తు తగిలిస్తుంది. విండోస్ 10కు 2019లో వచ్చిన మార్పుతో నోట్‌ప్యాడ్ ఆ అలవాటు మానుకుంది. ఆఫీసు కంప్యూటర్‌ది మాత్రం అంతకుముందు కాలం. ఇంగ్లిషు మాత్రమే ఉన్నన్నాళ్లూ మామూలుగా సేవ్ చేస్తారు కాబట్టి ఈ గొడవ రాదు. తెలుగు రాయబోతేనే యూటీఎఫ్-8 కావాలి, అప్పుడే బామ్ తగులుకుంటుంది. తెలుగు పేరు పెట్టాలనుకున్నందుకు శిక్ష అన్నమాట! పైగా ఇదే ఫైలు లాప్‌టాప్‌లో వేస్తే చక్కగా నడుస్తోంది. ఎందుకంటే జాంప్ సెట్టింగుల్లో బయటికి వెళ్లే మొదటి 4096 బైట్లను కాసేపు ఆపి ఉంచే ఏర్పాటుంది. ఆఫీసు కంప్యూటర్లో ఆ ఏర్పాటు ఆఫ్ చేసి ఉంది. 'మా ఇంట్లో పని చేసింది సార్' అని వైవాలో పిల్లలు చెప్పే మాట ఒక్కోసారి అక్షరాలా నిజం.

నోట్‌ప్యాడ్++లో తెరిచి 'బామ్ లేకుండా' సేవ్ చేస్తే తెల్ల కాగితం మాయమైంది.

ఇన్ని తిప్పల మధ్యలో బాబాయి ఓసారి విసుక్కున్నాడు. ''ఆ తలుపే పీకేస్తే పోలా? ఇక్కడ దొంగలెవరున్నారు?'' అమ్మాయికీ ఒక క్షణం అదే అనిపించింది. ప్రాజెక్టు గడువు దగ్గర పడ్డప్పుడు చాలామంది చేసేదీ అదే. పాస్‌వర్డ్ సరిచూసే లైను ముందు రెండు గీతలు గీసి, ఏం కొట్టినా లోపలికి పంపేస్తారు. కానీ లోపల ఉన్నవి మార్కుల లిస్టులు కావు. ఏ రైతు ఎన్ని టిక్కీలు ఆపుకున్నాడో, ఎవరు బాండు పెట్టి ఎంత తెచ్చుకున్నారో ఉంది. ధర కోసం ఎదురుచూస్తున్నవాడి అవసరం ఎంతో కొనేవాడికి ముందే తెలిసిపోతే బేరం ఎటు మొగ్గుతుందో గుమాస్తాకు వేరే చెప్పాలా! ''వద్దులే, ఉంచు'' అన్నాడాయనే.

తలుపు ఉన్నా గడియ సరిగా ఉండాలి. పాత పుస్తకంలో పేరును నేరుగా డేటాబేసు ప్రశ్నలో అతికించమని ఉంది. అలా అతికిస్తే పేరు గడిలో ఓ కొటేషన్ గుర్తు పెట్టి 'లేదా ఒకటి ఒకటికి సమానం' అని అర్థం వచ్చే ముక్క చేర్చి ఎవరైనా లోపలికి దూరిపోవచ్చు. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే కదా! ఈ కిటుకు సంగతి 1998లోనే 'ఫ్రాక్' అనే హ్యాకర్ల పత్రికలో వచ్చింది. విరుగుడు కూడా ఏనాటిదో. ప్రశ్న వేరుగా, పేరు వేరుగా పంపే 'ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్'. నాలుగు లైన్ల పని. లాగిన్ తెరుచుకున్నాక అమ్మాయి చేసిన మొదటి మార్పు ఇదే.

లాగిన్ అనేది మిర్చి రైతుకూ పత్తి రైతుకూ ఇప్పుడు కొత్త కాదు. యార్డుల్లో అమ్మకాలను కలిపే ఈ-నామ్ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 2025 సీజన్లో పత్తి కొనుగోళ్లకు కాటన్ కార్పొరేషన్ 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. వాటిలో లాగిన్ కాకపోతే రైతు చేయగలిగేది కొద్దిగానే. సర్వర్ ఎక్కడో ఉంటుంది, లాగ్ ఎవరి చేతిలోనో ఉంటుంది. సొంత కంప్యూటర్లో అయితే నాలుగు మజిలీల తాళాలూ మన చేతిలోనే ఉంటాయి. ఎక్కడైనా ఆగి, తెరిచి, చూడొచ్చు.

సోమవారం పొద్దున బాబాయి ఫోను. ''అమ్మాయ్, మళ్లీ తెరవట్లా.'' రాత్రి కరెంటు పోయి వచ్చింది. వైఫై రౌటరు లేచాక ఆఫీసు కంప్యూటర్‌కు కొత్త అడ్రసు ఇచ్చింది. ఫోనులో దాచుకున్నదేమో పాత అడ్రసు. రౌటర్లో ఆ కంప్యూటర్‌కు ఒకే నంబరు ఖాయం చేసే గడి ఎక్కడుందో ఫోనులోనే చెప్పింది. ఆయన ఒక్కో అక్షరం చదువుతూ, ఈమె 'ఆ, అదే, దాని కింద' అంటూ పావుగంట. చివరికి లాగిన్ అయ్యాడు. గేటు దగ్గర నిలబడ్డ రైతు పేరు కొట్టాడు. 40 టిక్కీలు, రెండో చాంబరు. చెప్పేసి, ఎందుకైనా మంచిదని రిజిస్టర్లో కూడా ఓసారి చూసుకున్నాడు.